ముందు నడిచే గడియారం

నా చేతులకి బుద్ధి లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది. జీవితమంతా గడియారాలు బాగుచేసి బతికినవాణ్ణి. ఎవరింటికి వెళ్లినా వాళ్లు కూర్చోమనేలోపే నా కళ్లు గోడ మీదికి పోతాయి. అక్కడ గడియారం తప్పు చూపిస్తోందంటే ఇక ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా సహించవు. "మీరు పెళ్లికొచ్చి పెళ్లికూతుర్ని చూడరు, హాల్లో గడియారం చూస్తారు" అని మా ఆవిడ బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది. ఆవిడ ఉంటే ఈసారి నాకు ఈ గతి పట్టేది కాదు. కుర్చీ ఎక్కబోతుంటేనే చెయ్యి పట్టుకుని కిందికి లాగేసేది.

శరదృతువు సెలవులకి మా అబ్బాయి ఇంటికి వచ్చాను. వాడు సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. కోడలు ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. సెలవులు పిల్లకే గాని వాళ్లకి లేవు. "నాన్నా, నువ్వొచ్చి దానికి కాపలా ఉండు" అన్నాడు ఫోన్లో. నాకు కాపలా ఉండమని దానికీ చెప్పే ఉంటాడు, వాడి సంగతి నాకు తెలియదూ! మనవరాలిని అందరం పిచ్చుక అంటాం. మనిషి ఇంతే ఉంటుంది, నోరు మాత్రం మూతపడదు. పైగా దానికి పక్షులంటే పిచ్చి.

నేను దిగిన సాయంత్రం ఇల్లంతా ఒకటే హడావిడి. మర్నాడు పిచ్చుక క్లాసు పిల్లలంతా పడవలో లంకకి వెళ్తున్నారు. ఎక్కడెక్కడి పక్షులో చలికాలానికి ముందు ఆ లంకలో దిగుతాయట. పడవ ఈ సెలవుల్లోనే నడుస్తుంది, వీళ్ల క్లాసుకి ఆ ఒక్కరోజే ఇచ్చారు. వాళ్ల టీచరు పిచ్చుకకి పెద్ద పనే అప్పగించింది. పడవ ముందుభాగంలో నిలబడి, కనిపించిన పక్షినల్లా పేరు చెప్పి అందరికీ చూపించాలి. పిల్లలకి తోడుగా పెద్దవాళ్లు కూడా రావచ్చన్నారు కాబట్టి కోడలు ఆ పూటకి సెలవు పెట్టుకుంది. నేనూ బయల్దేరాను, ఎందుకు మానాలి?

నేను భోజనం చేస్తుంటే కోడలు హాల్లో కుర్చీ ఎక్కి, ఆగిపోయిన గోడ గడియారానికి కొత్త బ్యాటరీ వేసింది.

"దిగమ్మా, నేను చూస్తాను" అన్నాను.

"మీరు తినండి మామయ్యా. బ్యాటరీకి కూడా మీరు కావాలా?" అని నవ్వింది.

పొద్దున్నే అందరికంటే ముందు నేను లేచాను. హాల్లోకి వచ్చి చూస్తే ఆ గడియారం నా చేతి గడియారం కంటే బాగా ముందు పరిగెడుతోంది. అయ్యో పాపం, కోడలు పనంతా చేసుకుని అలసిపోయి చూడకుండా పెట్టేసి ఉంటుంది అనుకున్నాను. చేతులు దురద పెట్టాయి. అడగొచ్చుగా? నిద్రలేచేదాకా ఆగొచ్చుగా? లేదు. కుర్చీ లాక్కుని ఎక్కి, ముల్లు వెనక్కి తిప్పి సరిచేసి, దిగి, దూరం నుంచి ఒకసారి చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ ఇంట్లో ఆ గడియారాన్ని కావాలనే ముందుకి పెడతారని నాకేం తెలుసు? ఏళ్ల తరబడి వాళ్ల పొద్దులన్నీ దాని మీదే నడుస్తున్నాయి. పిల్ల బడి, అబ్బాయి వ్యాను, కోడలి డ్యూటీ, అన్నీ. ఫోను పట్టుకుంటే పొయ్యి మీద పాలు గుర్తుండవని, గుమ్మం దాటేదాకా కోడలు దాన్ని ముట్టుకోదు. ఆ రోజు గడియారం చూసి, ఇంకా బోలెడు టైముందని, పిచ్చుకకి రెండోసారి జడ వేసింది. పడవ ఎన్నింటికో, రేవు ఎంత దూరమో తెలియని నేను దాని బూట్లు తుడిచాను. ముగ్గురం కబుర్లాడుకుంటూ తీరిగ్గా బయల్దేరాం.

మేం రేవు చేరేసరికి పడవ నీళ్ల మధ్యలో ఉంది. రంగురంగుల టోపీలు కనిపిస్తున్నాయి. పిచ్చుక చెక్కల వంతెన చివరిదాకా పరిగెత్తి ఆగిపోయింది. పడవలోంచి వాళ్ల టీచరు ఏం చెయ్యలేనన్నట్టు చేతులు ఊపింది.

"వాళ్లకి పేర్లు నేను చెప్పాలి కదా" అంది పిచ్చుక. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

కోడలు సంచిలోంచి ఫోను తీసి టైము చూసుకుంది. "ఇదెలా అవుతుంది మామయ్యా? ఇంట్లో గడియారం ఎప్పుడూ ముందుకి పెట్టి ఉంచుతాను. అది చూసి బయల్దేరితే మనం ఎక్కడికైనా ముందే చేరతాం. ఇవాళేంటిలా?"

అప్పుడు తెలిసింది నాకు నేనేం చేశానో. అక్కడే చెప్పెయ్యాల్సింది. చుట్టూ జనం, పిల్ల మొహం అలా ఉంది, ఇంటికెళ్లాక నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు కారణాలు బాగానే దొరికాయి.

సాయంత్రం అబ్బాయి వచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు. "ఏడాదికొక్కసారి దానికో సరదా! ఆ ఒక్కరోజు కూడా టైముకి బయల్దేరలేవా?" అని పెళ్లాం మీద ఎగిరాడు.

"గడియారం ముందుకి పెట్టాననే గుర్తు" అంది కోడలు. గోడ దగ్గర నిలబడి గడియారం వంకే చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగింది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో, ఊరికే అడిగింది. "మామయ్యా, మీరేమైనా ముట్టుకున్నారా?"

"నేనా? లేదే" అన్నాను.

అంత సులువుగా వచ్చింది నా నోట్లోంచి. కొడుకు కోపంగా ఉన్నాడు, మనవరాలు సోఫాలో మోకాళ్లు ముడుచుకుని నన్నే చూస్తోంది. ముసలి వెధవని, అందరి ముందూ తలవంచుకోవడానికి మనసొప్పలేదు.

"నాన్న ముట్టుకుంటే సరిచేస్తాడు గాని పాడుచేస్తాడా? బ్యాటరీ వేసి, ముందుకి పెట్టడం నువ్వే మర్చిపోయి ఉంటావు" అన్నాడు అబ్బాయి. వాడు తెలియక నిజానికి అంత దగ్గరగా వచ్చేసరికి నేను గడియారం మీంచి చూపు తిప్పేసుకున్నాను.

"అంతే అయ్యుంటుంది" అంది కోడలు మెల్లిగా.

పిచ్చుక లేచి వచ్చి నా ఒళ్లో కూర్చుంది. "ఇంక అమ్మతో ఎక్కడికీ వెళ్లను. తాతయ్యతోనే వెళ్తాను. తాతయ్యకి టైమంటే టైమే."

ఆ మాట అన్నట్టే చేసింది. సెలవులన్నీ నాతోనే తిరిగింది. ట్రాము ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లేవాళ్లం. పార్కులో రాలిన ఆకుల్లో కాళ్లీడ్చుకుంటూ నడిచేవాళ్లం. ఉడకబెట్టిన గుడ్లూ ఆపిల్ ముక్కలూ డబ్బాలో పెట్టి కోడలే ఇచ్చేది. చెరువు గట్టున బెంచీ మీద కూర్చుని అవి తింటూ, పడవలో చెప్పాల్సిన పేర్లన్నీ పిచ్చుక నాకొక్కడికే చెప్పేది. అక్కడున్నవి రెండు రకాల బాతులే, అయినా అన్ని పక్షుల పేర్లూ చెప్పేది. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఊఁ కొట్టేవాణ్ణి. చెబుదామని నోరు తెరిచి, బాతుల గురించి ఏదో అడిగేవాణ్ణి. ఒకసారి, "అమ్మ తప్పేం లేదేమోనే" అని మాత్రం అనగలిగాను.

"నువ్వు మంచోడివి కాబట్టి అలా అంటావు తాతయ్యా" అని నా చేతిలో ఇంకో ఆపిల్ ముక్క పెట్టింది. ఆ ముక్క అది చూడకుండా బాతులకి విసిరేశాను.

ఇంట్లో కోడలు మారిపోతోంది. మెట్లు దిగినదల్లా మళ్లీ ఎక్కి వచ్చి తాళం లాగి చూసేది. గ్యాసు కట్టిందో లేదో నాలుగైదుసార్లు వంగి చూసుకునేది. ఒకరోజు నా ముందు ఖాళీ కప్పు కనిపిస్తున్నా, "మామయ్యా, మీకు టీ ఇచ్చానా?" అని అడిగింది. "ఇచ్చావుగా తల్లీ, తాగేశాను" అన్నాను. ఆ కప్పు వంక అలా చూస్తూ ఉండిపోయింది. పిల్ల తనతో మాట్లాడటంలేదని దిగులు పెట్టుకుందనుకున్నాను. ఆ దిగులుకి కారణం ఎదురుగా కూర్చుని టీ తాగిన పెద్దమనిషేనని తెలిసీ, నోరు మూసుకునే ఉన్నాను.

సెలవులు ముగిసే రోజున కోడలు డ్యూటీకి వెళ్లలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. తల్లీకూతుళ్లు ఎక్కడికైనా వెళ్తారు, నవ్వుకుంటూ తిరిగొస్తారు, ఈ గొడవ దానంతటదే చల్లారిపోతుంది, నా పరువూ నిలుస్తుంది. చూశారా, అప్పటికీ నా ఆలోచన నా పరువు చుట్టూనే తిరుగుతోంది.

కోడలు మంచి బట్టలు కట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. "ఇవాళ కూడా పిల్లని మీరే తిప్పండి మామయ్యా. నేను సెలవు పెట్టానని ఆయనకి చెప్పకండి."

"నువ్వెక్కడికమ్మా?"

పిచ్చుక హాల్లో కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటోంది. కోడలు గొంతు తగ్గించింది. "డాక్టరు దగ్గరికి. మా అమ్మ సంగతి మీకు తెలుసుగా. చివరికి నన్నే గుర్తుపట్టలేదు. ఆవిడకీ ఇలాగే మొదలైంది. చేసిన పని చెయ్యలేదనుకునేది, చెయ్యనిది చేశాననేది. ఆ గడియారం ముందుకి తిప్పినట్టు నాకిప్పటికీ కళ్లకి కడుతోంది మామయ్యా. ముల్లు తిప్పాను, కుర్చీ దిగాను, అన్నీ గుర్తున్నాయి. కానీ తిప్పలేదుగా! ఆసుపత్రిలో శాంపిళ్ల మీద పేర్లు అంటించడానికి కూడా చేతులు వణుకుతున్నాయి. ఎవరి రక్తం ఎవరిదని రాస్తానోనని ఆ పని వేరేవాళ్లకి ఇమ్మని అడిగేశాను."

భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. నా పరువు కోసం ఈ పిల్ల తన మతి మీదే నమ్మకం పోగొట్టుకుంది. ముల్లు తిప్పిన మనిషి తిప్పలేదనుకుని కుమిలిపోతుంటే, నేను చూస్తూ కూర్చున్నాను.

"నువ్వు తిప్పావమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ గట్టిగా అన్నాను. "నువ్వు ముందుకి పెట్టావు. పొద్దున్నే లేచి వెనక్కి తిప్పింది నేను. తప్పు పోతోందనుకుని తిప్పాను. నువ్వు అడిగితే లేదని అబద్ధం చెప్పాను."

కోడలు గోడకి చెయ్యి ఆనించింది. తిడుతుందని చూశాను. తిట్టమని మనసులో బతిమాలాను.

"నేను తిప్పానా?" అంది.

"తిప్పావు."

"నిజంగానే ముందుకుందా, మీరు చూసేసరికి?"

"ఉందమ్మా. నీ మతి సలక్షణంగా ఉంది. సిగ్గూ శరం లేనివాణ్ణి నేను."

అక్కడే చెప్పుల బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది, తుడుచుకుంటూనే అబ్బాయికి ఫోన్ చేసింది. "ఏవండీ, నేను పెట్టానండీ! గడియారం నేను పెట్టానండీ!" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్పింది. అవతల వాడికి ఏమర్థమైందో ఏమో. నా పేరు మాత్రం ఎత్తలేదు. చెంప పగలగొట్టినా నాకంత సిగ్గనిపించేది కాదు. ఎంత బరువు మోసిందో ఆ నవ్వులో తెలిసిపోయింది, దాన్ని నెత్తికెత్తినవాణ్ణి నేను.

ఫోను పెట్టేసి కళ్లు కడుక్కుని వచ్చింది. "డాక్టరూ లేదు, గీక్టరూ లేదు. పదండి, చెరువు దగ్గరికి వెళ్దాం. మీరూ రండి మామయ్యా" అంది.

పిచ్చుక ఒక బూటు వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని వచ్చింది. అంతా విన్నట్టుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, వాళ్లమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది.

"అమ్మా, తాతయ్యని రమ్మనకు" అంది.

కోడలు గిరుక్కున తిరిగి దాన్ని కసిరింది. "తాతయ్యని అలా అనొచ్చా? పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అదేనా? సారీ చెప్పు!"

"సారీ తాతయ్యా" అంది పిచ్చుక, నా మొహం చూడకుండా.