గీతదాకా నీళ్లు

మా అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ పనైనా ముందు నోటుబుక్కులో గీసుకుంటే గాని చెయ్యి పెట్టడు. అలాంటివాడు ఉన్నట్టుండి ఇంట్లో సముద్రం పెడతానన్నాడు. రెండు వందల లీటర్ల గాజు ట్యాంకు, అడుగున ఇసుక, మధ్యలో రాళ్లు, ఉప్పునీళ్లు, అందులో చేపలు, ఆ పైన పగడాలు. ఏ నెలలో ఏ పగడాన్ని ఏ రాతికి అంటించాలో కూడా రంగు పెన్సిళ్లతో వేసుకున్నాడు.

"ఆలూ లేదు చూలూ లేదు," అంది మా అమ్మాయి. ఆమె బడిలో లెక్కల టీచరు. "ముందు వంటింట్లో కొళాయి కారడం ఆపండి. సముద్రం సంగతి తరవాత."

"దానికి వాషరు కావాలే."

"సముద్రానికి మాత్రం ఏమీ అక్కర్లేదు కాబోలు!"

ముందుగది కిటికీ దగ్గరికి ట్యాంకు వచ్చింది. దాని బల్ల వంకర లేకుండా నిలబెట్టడానికి అల్లుడు రసమట్టం పట్టుకుని రెండు సాయంత్రాలు నేల మీద పాకాడు. నా పడక్కుర్చీ మూడడుగులు వెనక్కి జరిగింది. నేనేమీ అనలేదు. కూతురింట్లో కుర్చీ జరిగితే అనకూడదు.

చేపలు మాత్రం అప్పుడే రావన్నాడు. "నీళ్లు పండాలి అత్తయ్యా. రాళ్లలో కంటికి కనిపించని జీవాలు పెరిగి, నీళ్లలో విషం విరగాలి. నాలుగు వారాలు పడుతుంది."

ఉప్పు కొనడానికి షాపుకు వెళుతుంటే నేనూ బయల్దేరాను. ఇంట్లోంచి ఎవరు బయటికెళ్లినా మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూడడం నాకు అలవాటు. అంతకన్నా వెంట వెళ్లడమే నయం, కాళ్ల నొప్పి ఉండదు.

షాపులో మూల ట్యాంకులో నారింజ రంగు చేపలు రెండున్నాయి. ఒంటి మీద తెల్ల పట్టీలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది ఎటు తిరిగితే చిన్నది అటే, కొంగు పట్టుకున్న పిల్లలాగా.

"అవి జంటండీ," అన్నాడు షాపాయన. "పెద్దది ఆడది. ఈ జాతిలో పుట్టినప్పుడు అన్నీ మగవే. ఏది పెద్దదైతే అది ఆడదై పెత్తనం చేస్తుంది."

"మా ఇంట్లోనూ అంతేలెండి," అన్నాడు అల్లుడు, అమ్మాయి పక్కన లేదన్న ధైర్యంతో.

"కాకపోతే పెద్దదాన్ని పళ్ల డాక్టరు గారు అడిగారు. వాళ్ల వెయిటింగ్ రూములో పెట్టుకోడానికి. ఒక్కటి చాలన్నారు."

"మరి చిన్నది?" అన్నాను.

"దానికేమండీ, ఇంకెవరో పట్టుకెళతారు."

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చెల్లెల్ని పెంచుకుంటానని మా పిన్ని తీసుకెళ్లింది. నేను ఏడుస్తుంటే, "నాలుగు రోజుల్లో వచ్చేస్తుందిలేవే," అన్నారు పెద్దవాళ్లు. ఆ నాలుగు రోజులు ఇంకా కాలేదు.

"రెండూ మాకే," అన్నాను.

అల్లుడు నోటుబుక్కు తీశాడు. అందులో మొదటి చేప ఒక్కటే ఉంది, అదీ వేరే జాతిది. నా మొహం చూసి, ఏమనుకున్నాడో, రబ్బరుతో చెరిపేశాడు.

షాపాయన మెత్తగా మాట్లాడతాడు గాని మహా ఖచ్చితం. "డాక్టరు గారు నాలుగో ఆదివారం సాయంత్రం ఆరింటికి వస్తారు. ఆ లోపల మీ ట్యాంకు నీళ్లు ఒక సీసాలో పట్టుకు రండి. నీళ్లు బాగుంటే రెండూ మీవే. బాగాలేకపోతే మీరు ఎంతిచ్చినా ఇవ్వను. చచ్చే ఇంటికి నా చేపల్ని పంపను."

ఆ రోజునుంచి నాకు నిద్ర పట్టలేదు.

నాకెవరూ చదువు చెప్పలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే అచ్చయిన ముక్క దేన్నీ వదలను. ట్యాంకుతో వచ్చిన చిన్న పుస్తకం మూడుసార్లు చదివాను. అందులో ఒకచోట, నీటిమట్టం గాజు మీది గీత కిందికి దిగితే ప్రమాదమని ఉంది. ప్రమాదం అన్న మాట చూశాక, దాని తరవాత ఏం రాశారో మూడుసార్లూ నా బుర్రకెక్కలేదు.

నాలుగో రోజు చూద్దును కదా, నీళ్లు గీతకు వేలెడు కిందికి దిగాయి. అల్లుడు పనిలో ఉన్నాడు. ట్యాంకు ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి వెళ్లాడు. పక్కనే నీలం డ్రమ్ములో, ఎప్పుడైనా నీళ్లు మార్చడానికి అతను కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లున్నాయి. సముద్రంలో తగ్గితే సముద్రపు నీళ్లే పొయ్యాలి కదా! రెండు చెంబులు పోశాను. నీళ్లు గీత ఎక్కాయి, నా గుండె దడ కిందికి దిగింది. అప్పట్నుంచి రోజూ అదే పని. డ్రమ్ములో తగ్గితే షాపులో కొన్న ఉప్పు బకెట్టులోంచి తీసి కలిపేదాన్ని.

అల్లుడు రోజూ గాజు గొట్టాల్లో చుక్కలు వేసి, రంగులు చూసి, నోటుబుక్కులో రాసుకునేవాడు. "విషం తగ్గుతోంది అత్తయ్యా!"

"ఉప్పు కొలవవా బాబూ?"

"మొదటి రోజే కొలిచాగా. ఉప్పెక్కడికి పోతుందండీ? ఆవిరయ్యేది నీళ్లే. అవి తగ్గితే పోద్దామని రోజూ మంచినీళ్లు తెచ్చుకుంటున్నా, చుక్క తగ్గితే ఒట్టు! నేను బిగించిన మూత అలాంటిది."

ఆ మూత గొప్పతనం తన పనిచోట నలుగురికీ చెప్పుకున్నాడు. ఉప్పు బకెట్టు సగానికి వచ్చినప్పుడు మాత్రం తూకంలో మోసమని కంపెనీవాణ్ణి తిట్టాడు. నేను అటు తిరిగి పుస్తకం చదువుకున్నాను.

నాలుగో ఆదివారం ఉదయం సీసా పట్టుకుని ఇద్దరం షాపుకు వెళ్లాం. షాపాయన చుక్క నీళ్లు ఉప్పు కొలిచే దుర్భిణి మీద వేసి కన్ను పెట్టాడు. తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. తరవాత నావైపు చూశాడు.

"ఇందులో చేపలు బతకవమ్మా, ఊరతాయి."

"అబద్ధం!" అన్నాడు అల్లుడు. "నా మూత..."

"మీ మూతకేం, బంగారం. ఉప్పెవరు పోశారో కనుక్కోండి. ఇంట్లో చేపల్లేవు కాబట్టి ఇవాళే సరిచెయ్యొచ్చు. అరవై లీటర్లు తోడేసి అంత మంచినీళ్లు పొయ్యండి. ఫిల్టరువి సుమా, కొళాయివి కాదు. ఆరింటికల్లా మళ్లీ సీసా తెండి."

ఇంటి గుమ్మంలో అడుగు పెట్టగానే నేనే చెప్పేశాను. "బాబూ, రోజూ పొద్దున రెండు చెంబులు డ్రమ్ములోవి పోసింది నేనే."

"రెండు చెంబులకే ఇంత ఎక్కదు అత్తయ్యా!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా అమ్మాయి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సాయంత్రం బడినుంచి వచ్చాక ఆ డ్రమ్ములోవే నేనొక జగ్గు పోసేదాన్ని. గీతకు కాస్త కిందికి కనిపించేది."

"నువ్వా? సముద్రమంటే వెక్కిరించావుగా!"

"వెక్కిరిస్తే మాత్రం ఎండగడతానా?"

తిలా పాపం తలా పిడికెడు. "ఏభై ఏళ్లు వంట చేశాను," అన్నాను. "పొయ్యి మీద కూర ఇంకితే ఉప్పెక్కుతుందని, అప్పుడు ఉప్పునీళ్లు పొయ్యకూడదని నాకు తెలీదూ!"

"ఉప్పు తిన్నాక నీళ్లు తాగాల్సిందే. పట్టండి," అంది అమ్మాయి.

బకెట్లతో ఉప్పునీళ్లు తోడిపోశాం. కాని వంటింటి కొళాయికి తగిలించిన ఫిల్టరు సన్నటి దారంలా కారుతోంది. అమ్మాయి గడియారం చూసి లెక్క కట్టింది. "ఇలా అయితే రేపు మధ్యాహ్నానికి నిండుతుంది. ఎందుకో తెలుసా? కొళాయి కారుతోంది కాబట్టి, ఫిల్టరుకు నీళ్లెక్కడం లేదు."

అల్లుడు పనిముట్ల పెట్టె తెరిచాడు. వాషరు అందులోనే ఉంది. ఏడు నెలలు కారిన కొళాయి పది నిమిషాల్లో ఆగింది. మా అమ్మాయి ఒక్క మాట అనలేదు. ఆమె అనని మాటలు వంటింటి నిండా ఉన్నాయి.

ఆరింటికి పది నిమిషాలున్నాయనగా షాపులో పడ్డాం. పళ్ల డాక్టరు అప్పటికే మూల ట్యాంకు ముందున్నాడు. షాపాయన దుర్భిణికి కన్ను పెట్టాడు. చుక్కలు వేశాడు.

"బాగున్నాయి," అన్నాడు. "డాక్టరు గారూ, మన్నించండి. ఈ జంట వీళ్లది."

"ఫర్వాలేదు," అన్నాడు డాక్టరు. "మా కుర్చీలు నారింజ రంగువి, వాటికి సరిపోతుందనుకున్నా. ఆ నీలంది ఇవ్వండి, గోడలకు సరిపోతుంది."

నేనిక్కడ నాలుగు వారాలు నిద్ర మానుకున్నది ఆయన కుర్చీల రంగు కోసమన్నమాట!

అంతలో షాపాయన చేపల్ని వేరువేరు సంచుల్లో కట్టాడు. "ఒకే సంచిలో వెయ్యొచ్చుగా నాయనా?" అన్నాను.

"దారిలో ఇరుకైతే పెద్దది కొరుకుతుందమ్మా. కొత్త చోటు కదా, ఇంటికెళ్లాక కూడా కొరుకుతుంది. చిన్నదాన్ని నాలుగు రోజులు ఈ చిల్లుల పెట్టెలో ఉంచి, పెట్టెను ట్యాంకులోనే వేలాడదియ్యండి. పెద్దదానికి చోటు అలవాటయ్యాక వదలండి."

విడదియ్యకూడదని ఇంత చేసి, చివరికి మధ్యన గోడ పెట్టే పని నాకే వచ్చింది. బస్సులో రెండు సంచులూ ఒళ్లో ఆనించి పట్టుకున్నాను. ఇంట్లో అల్లుడు చిన్నదాన్ని పెట్టెలోకి వదిలాడు.

"నాలుగు రోజులే అత్తయ్యా."

"అలాగే అంటారు," అన్నాను.

చిన్నది పెట్టె గోడకు మూతి ఆనించి నిలబడింది. పెద్దది బయటినుంచి వచ్చి, ఒకసారి గోడను ఢీకొట్టి, వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. నా పడక్కుర్చీని అమ్మాయే మూడడుగులు ముందుకు లాగి పెట్టింది. నాలుగు రోజులు అక్కడే కూర్చున్నాను. సోమ, మంగళ, బుధ.

గురువారం సాయంత్రం నేను గుమ్మంలో ఉండగానే అల్లుడు పనినుంచి వచ్చాడు. చెప్పులు విడవకుండానే లోపలికి రమ్మన్నాను. అతను పెట్టె తలుపు ఎత్తాడు. చిన్నది రాలేదు. "రావే," అన్నాను. అది మగదని గుర్తొచ్చి, "రారా," అన్నాను. వచ్చింది. పెద్దది దూసుకొచ్చి తోక దగ్గర ఒకటి పీకింది. చిన్నది ఒళ్లంతా వణికించి తల వంచింది. అంతే, ఇద్దరూ కలిసి వెనక రాతి మూలకు పోయారు.

"మా ఇంటి పద్ధతే," అన్నాడు అల్లుడు. ఈసారి అమ్మాయి పక్కనే ఉంది.

నేను గోడ మీది కేలండరు చూసి వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. ఆదివారంనుంచి గురువారానికి నాలుగు రోజులే అయ్యాయి. ఎవరో నాతో చెప్పిన నాలుగు రోజులు నాలుగు రోజుల్లోనే అయిపోవడం ఇదే మొదలు.

ట్యాంకులో నీళ్లు వేలెడు తగ్గి ఉన్నాయి. చెంబు అందుకున్నాను.

"మంచినీళ్లు!" అన్నారిద్దరూ ఒకేసారి.