భారానికి వత్తు

తిండి దగ్గర మాట అనకూడదంటారు. ఆ ఇంట్లో ఆ పట్టింపు లేదు. కూతురు కంచం ముందు కూర్చోవడమే ఆలస్యం, తండ్రి ఎదురుగా ఉన్న గోడను చూస్తూ మొదలుపెట్టేవాడు.

"అరవై దగ్గరపడుతున్నా నేనింకా నిచ్చెనలెక్కుతున్నాను. ఈవిడగారు ఇరవై నాలుగేళ్లొచ్చినా నా నెత్తిన భారం."

ఆయన దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. అక్షరం గుండ్రంగా రాస్తాడు, మాటలు మాత్రం పుల్లవిరుపు. "తినేటప్పుడెందుకండీ" అని తల్లి వంటింట్లోకి తప్పుకునేది.

పిల్ల తప్పేమైనా ఉంటే ఇంత బాధ లేదు. కళ్లజోళ్ల వర్క్‌షాపులో నాలుగేళ్లు అద్దాలు అరగదీసింది. ఫ్రేములో అద్దం సరిగ్గా కూర్చుందో లేదో వేలి కొసతో తడిమి చెప్పేస్తుంది. ఓనరు మిషను తెప్పించాడు, నెల తిరక్కుండా పనివాళ్లు ఆరుగురినీ ఇంటికి పంపేశాడు. మళ్లీ కబురు పెడతానన్నాడు. అలాంటి కబుర్లు ఏ గంగలో కలుస్తాయో ఎవరికీ తెలియదు.

నిరుద్యోగ భృతి కోసం ఆమె ఉపాధి కార్యాలయానికి కాళ్లరిగేలా తిరిగింది. ఒక కిటికీలో పాత జీతం కాగితం అడిగారు. రెండో కిటికీలో ఫొటో చిన్నదన్నారు. మూడో కిటికీ మనిషి భోజనానికి వెళ్లి ఎంతకీ రాలేదు. చివరికి దరఖాస్తు తీసుకున్న గుమాస్తా, పన్నెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆనించింది.

"అమ్మానాన్నల దగ్గర ఉంటున్నావు కదమ్మా, మెలికంతా ఇక్కడే. 'దరఖాస్తుదారు కుటుంబానికి భారంగా ఉన్నారా?' మా మనిషి ఇంటికొచ్చి మీ నాన్నగారిని అడుగుతాడు. అవునంటే వస్తుంది, కాదంటే రాదు."

కూతురికి నవ్వొచ్చింది. ఈ ప్రశ్నకైతే నాన్న నిద్రలో లేపినా జవాబు చెబుతాడు, పది నెలలుగా సాధన చేస్తున్నాడు మరి. భృతి పెద్ద మొత్తమేం కాదు. కానీ అదొస్తే తన తిండికి తనే ఇచ్చుకోవచ్చు, కంచం ముందు తలెత్తుకుని కూర్చోవచ్చు. ఆమెకు కావలసింది అంతే.

అధికారి మంగళవారం పొద్దున్నే వచ్చాడు. "ఉన్నదున్నట్టు చెప్పు నాన్నా, చాలు" అని కూతురు ముందే బతిమాలుకుంది. ఆయన తలూపాడు కూడా. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురింటావిడ ఊడ్చిన మెట్టునే మళ్లీ మళ్లీ ఊడుస్తోంది.

"మీ అమ్మాయి మీకు భారంగా ఉందాండీ?" అన్నాడు అధికారి, కాగితం తిరగేస్తూ.

తండ్రి ఎదురింటి మెట్టు వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"ఎంత మాటన్నారు! కన్నబిడ్డ ఎక్కడైనా భారమవుతుందా? పదిమందికి పెట్టిన చెయ్యండీ ఇది. దాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాను."

తలుపు పక్కన నిలబడ్డ కూతురికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పిచ్చిది, ఒక్క క్షణం ఆ మాట నమ్మింది. ఈలోపే అధికారి 'కాదు' అని రాసుకుని పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

అధికారి వీధి మలుపు తిరగగానే ఆమె తండ్రి మీద విరుచుకుపడింది. "రోజూ అనే మాటే కదా! ఇవాళ ఒక్కసారి అంటే నీ సొమ్మేం పోయింది?"

"పరాయివాడి ముందు పరువు తీసుకోమంటావా? అవతల ఆవిడ చెవులు రిక్కించి వింటోంది."

"మరి నా పరువో?"

ఆయన లేచి వీధి తలుపు మూసేశాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం గోడతో, "వచ్చే భృతి కూడా పాయె. ఎన్నాళ్లో నాకీ భారం" అన్నాడు. ఆమె తినకుండానే లేచిపోయింది.

మర్నాడు ఆమె మళ్లీ కార్యాలయానికి వెళితే గుమాస్తా జాలిపడి ఇంకో కాగితం ఇచ్చింది. పన్నెండో ప్రశ్నకు తండ్రి స్వహస్తాలతో రాసి సంతకం పెడితే మళ్లీ చూస్తారట.

"ఇది ఎవరికీ వినపడదు నాన్నా" అని కూతురు దాన్ని ఆయన ముందు పెట్టింది. తల్లి గుమ్మంలో నిలబడింది, ఈసారి లోపలికి వెళ్లలేదు. రాయనంటాడేమోనని కూతురికి భయం. రాయనంటే బాగుండునని కూడా మనసులో ఎక్కడో ఉంది.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆ అద్దాలు ఆమె చేత్తో అరగదీసినవే. 'నా కుమార్తె నాకు భారం' అని బోర్డు మీద రాసినంత పొందికగా రాశాడు. ఎక్కడా చెయ్యి ఆగలేదు. కింద సంతకం గీకి కాగితం ముందుకు తోశాడు.

ఆమె మడత పెడుతుంటే, "ఆగు" అన్నాడు.

ఆమె మడత విప్పింది. రాసింది కొట్టేస్తాడు కాబోలు, చించేస్తాడు కాబోలు అనుకుంది. భృతి పోతే పోయింది, చించెయ్యి నాన్నా అనుకుంది.

ఆయన కాగితం లాక్కుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, 'భ' కింద మర్చిపోయిన వత్తు పెట్టాడు.

"వత్తు లేకపోతే అది భారం అవదమ్మా" అన్నాడు.