మామ మంచం, నాయన పరుపు

నల్లులు ఎవరింట్లోనైనా పడతాయి. తిరుపతిలో ఇల్లుండి, కొండకు పోయే చుట్టాలందరికీ ఆ ఇంట్లో ఒక రాత్రి పడక ఇవ్వక తప్పనప్పుడు ఇంకా తొందరగా పడతాయి. కానీ మునిలక్ష్మి ఆలోచన వేరు. ఏడాది పొడుగునా వచ్చిపోయిన చుట్టాలందరిలో నల్లులను మోసుకొచ్చింది ఒక్కరే అనీ, ఆ ఒక్కరు జాహ్నవే అనీ మొదటి నల్లిని చూసిన రోజే ఆమె తేల్చేసింది. సాక్ష్యం తర్వాత వెతుక్కోవచ్చు.

జాహ్నవి అంటే మునిలక్ష్మి మొగుడు ధర్మేంద్రకు మేనమామ కూతురు. వడమాలపేటలో ఉండే ఆ మేనమామ ఏకాంబరం, తన కూతురు ఎలాగూ మేనల్లుడికే అనుకుని, పొలంలోని టేకు చెట్టు కొట్టించాడు. చిత్తూరు నుంచి వడ్రంగిని పిలిపించి పెద్ద మంచం చేయించాడు. తలవైపు పలక మీద ఒకదాన్నొకటి చూసుకునే రెండు చిలకలు. మంచానికి పాలిష్ ఆరకముందే ధర్మేంద్ర తల్లి, దగ్గర సంబంధాలు పిల్లలకు మంచివి కావని ఎవరో డాక్టరు చెబితే విని, వెనక్కి తగ్గింది. జాహ్నవిని పుత్తూరులో ఇచ్చారు. ధర్మేంద్రకు శ్రీకాళహస్తి నుంచి మునిలక్ష్మిని తెచ్చారు. ఏకాంబరం మాత్రం మాట మీద నిలబడే మనిషి. "మేనల్లుడికని చేయించినాను, వానికే" అని పెళ్ళి రోజు మంచాన్ని ట్రాక్టర్లో పంపించేశాడు. అదే రోజు మునిలక్ష్మి నాయన, మంచి బూరుగుదూది ఏరి కుట్టించిన పరుపును సారెతో పాటు తెచ్చాడు. మంచానికీ పరుపుకీ కొలత సరిగ్గా కుదిరింది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మునిలక్ష్మికి ఆ రోజు మొదలైన మంట ఇంతవరకు ఆరలేదు. తన నాయన పరుపు మీద, ఇంకొకామె కోసం చేసిన మంచంలో, ఆ ఇంకొకామె చేసుకోవాల్సిన మొగుడి పక్కన తొమ్మిదేళ్ళుగా పడుకుంటోంది.

దానికి తోడు ఆ పిలుపొకటి. జాహ్నవి గేటు దగ్గర నుంచే "బావా" అని పిలుస్తుంది. వరస ఉంది, పిలుస్తుంది. మునిలక్ష్మిది బయటి సంబంధం. ఆమెకు ఆ వరస లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకనాడు, మొగుడి మీద ముద్దొచ్చి, వంటింట్లో నుంచి మెల్లగా "బావా" అని పిలిచింది. స్నానాల గదిలో నుంచి ధర్మేంద్ర సంతోషంగా, "ఎప్పుడొచ్చినావు జానూ?" అన్నాడు. ఆ పూట అన్నం మాడింది. అప్పటి నుంచి మొగుణ్ణి "ఏమప్పా" అనే పిలుస్తోంది.

ఇంతకీ నల్లుల సంగతి. మందు రెండుసార్లు కొట్టించారు. వేడినీళ్ళు పోశారు. మిద్దె మీద ఎండబెట్టారు. నాలుగు రోజులు ఊరుకుని మళ్ళీ కుట్టాయి. మంచాన్ని తీసి పారేద్దామని మునిలక్ష్మి వంద విధాలుగా చెప్పి చూసింది. ధర్మేంద్ర వినలేదు.

"మామ ఇచ్చిన మంచం. యాడ పారేసేది? ఇల్లంతా వేడి చేసి నల్లుల్ని చంపేవాళ్ళు ఉండారంట. వాళ్ళనే పిలుద్దాం" అన్నాడు.

మంచం కోసం ఇల్లంతా వేడి చేయిస్తున్నాడని మునిలక్ష్మికి అర్థమైంది. నీళ్ళు కూడా తాగకుండా పడుకుంది.

ఆ పని చేసే మనిషి దామోదరం శనివారం పొద్దున వచ్చి గదులన్నీ చూశాడు. ఆదివారం మిషన్లు తెస్తామన్నాడు. యాభై ఐదు డిగ్రీలు దాటించి కొన్ని గంటలు అట్లే నిలబెడితే గుడ్లతో సహా చస్తాయట. ఈలోగా ఇంటివాళ్ళు చేయాల్సిన పని ఒక్కొక్కటే చెప్పాడు.

"కరిగేవి, పేలేవి, ప్రాణమున్నవి బయట పెట్టండి మేడమ్. బట్టలు మూటగట్టొద్దు, వదులు చేసి బీరువా తలుపులు తెరిచిపెట్టండి. మంచం బోల్టులు విప్పి, పరుపును గోడకు ఆనకుండా నిలబెట్టండి. గాలి రెండు పక్కలా తగలాల. బయట పెట్టేవి బాగా దులిపి, చూసి పెట్టండి, లేకుంటే నల్లులు వాటితోనే బయటికిపోయి మళ్ళా లోపలికొస్తాయి."

"చెక్క సామానుకు ఈ వేడి సరిపోతుందా?" అని మునిలక్ష్మి ఆశగా అడిగింది.

"సరిపోతుంది. మరీ లోపలిదాకా గూడు కట్టేసుంటే మాత్రం ఆ ఒక్క సామాను ప్లాస్టిక్‌లో చుట్టి పారేసేది మేలు."

చెప్పిన ఇన్ని మాటల్లో మునిలక్ష్మి ఈ ఒక్కటే చెవిన వేసుకుంది.

దామోదరం పోయిన గంటకు జాహ్నవి దిగింది. ఎప్పుడూ మూర మల్లెపూలో, పుత్తూరు నుంచి ఏదో ఒక తినుబండారమో తెచ్చే మనిషి, ఈసారి ఉత్త చేతులతో గేటు తీసింది. "బావా, వచ్చేసినా" అని ఎప్పటిలాగే వీధంతా వినపడేటట్టు పిలిచి, మునిలక్ష్మి వైపు తిరిగి, "చేతులూపుకుంటా వచ్చినా అక్కా. ఏమీ తేవద్దని బావ ఫోన్లో ఒకటే చెప్పినాడు" అంది.

"నువ్వొక్కదానివే చేసుకోలేవని నేనే రమ్మన్నా" అన్నాడు ధర్మేంద్ర, పెళ్ళానికి మేలు చేసినవాడి ముఖంతో.

తొమ్మిదేళ్ళుగా ఒక్కతే చేసుకుంటున్న ఇల్లు ఈరోజు ఒక్కతే చేసుకోలేనిదయిపోయింది. మునిలక్ష్మి కొంగు బిగించి, దేవుడి గూట్లోని కర్పూరం, కాటుక డబ్బా, నెయ్యి, లిప్‌స్టిక్, సెంటు సీసాలు, వచ్చిపోయిన చుట్టాలు ఇచ్చిన లడ్డూలు అన్నీ బుట్టలోకి ఎత్తసాగింది. కరిగేవన్నీ వచ్చాయి. తన కడుపులోది మాత్రం ఏ వేడికీ కరిగే రకం కాదని ఆమెకు తెలుసు.

జాహ్నవి పనిమంతురాలు. అదీ ఒక బాధే. బీరువాలోని చీరలు ఒక్కొక్కటే విదిలించి, వదులుగా హ్యాంగర్లకు వేస్తూ, "ఈ చీర నీకు బాగుంటుందక్కా" అంటోంది. ఆమె మెచ్చిన చీరను ఇక కట్టకూడదని మునిలక్ష్మి మనసులో గుర్తు పెట్టుకుంది. ధర్మేంద్ర మంచం బోల్టులు విప్పి, పలకలు గోడకు ఆనించి, గ్యాస్ సిలిండర్ బయటికి మోసుకుపోయాడు.

గదిలో ఒక్కతే ఉన్న సమయం ఇదే. మునిలక్ష్మి ఫోన్ లైటు వేసి మంచాన్ని వెతకడం మొదలుపెట్టింది. బోల్టు సందులు చూసింది. మంచంకోళ్ళ కింద చూసింది. చిలకల రెక్కల మధ్య చీపురుపుల్ల పెట్టి గీకింది. దుమ్ము వచ్చింది, తను ఎప్పుడో పారేసుకున్న తలపిన్ను ఒకటి వచ్చింది. నల్లి రాలేదు. మళ్ళీ మొదటి నుంచి చూసింది. ఏకాంబరం చేయించిన టేకు మంచం శుభ్రంగా ఉంది.

నిలబెట్టిన పరుపు వైపు ఊరికే లైటు తిప్పింది. అంచు కుట్టు మీద నల్లటి చుక్కలు కనిపించాయి. కుట్టును వేలితో కొంచెం వెనక్కి మడిచింది. అక్కడ ఉన్నాయి. పెద్దవీ, పిల్లవీ, తెల్లటి గుడ్లూ, వరసగా, ఒక ఊరే ఉంది.

మునిలక్ష్మి నేల మీద కూలబడింది. అది నాయన పరుపు. దూదిలో గింజలు ఉంటే కూతురికి ఒత్తుకుంటుందని పెళ్ళికి ముందు నాయన వరండాలో కూర్చుని చేత్తో ఏరిన పరుపు. బెంగళూరులో ఏదో లాడ్జిలో దిగి, అక్కడి నుంచి నేరుగా సూట్‌కేసుతో వచ్చి, ఈ పరుపు మీద మూడు రోజులు పొర్లిన తన తమ్ముడు గుర్తొచ్చాడు. వాణ్ణి వెంటనే మనసులో నుంచి తరిమేసింది.

తర్వాత చేసిన పని ఆలోచించి చేసింది కాదు. చీపురుపుల్లను తడి చేసి, దాని కొనతో రెండు నల్లులను అంటించుకుంది. లేచి పోయి, చిలక కంటి గుంటలో ఒకదాన్ని, రెక్క సందులో ఇంకొకదాన్ని దించింది. వేలితో అదిమి, బయటికి రాకుండా కాసేపు కాపలా కాసింది. తిరిగి చూస్తే గది గుమ్మంలో జాహ్నవి నిలబడి ఉంది.

"హ్యాంగర్లు చాల్లేదక్కా" అంది జాహ్నవి. వెనక్కి పోయింది.

చూసిందా, లేదా? ఎప్పుడు వచ్చి నిలబడింది? ఏమైతే అదయింది, ఇక ఆగేది లేదనుకుని మునిలక్ష్మి గట్టిగా పిలిచింది. "ఏమప్పా, ఒకసారి ఇట్లా వచ్చి నీ మామ మంచం సూడు."

ధర్మేంద్ర వచ్చాడు. వెనకే జాహ్నవి వచ్చింది. మునిలక్ష్మి లైటు వేసి చిలక కన్ను చూపించింది. నల్లి కూడా సమయానికి కదిలింది.

"పోయిన నెల దర్శనానికొచ్చి దీని మీద పడుకునింది ఎవరు? నేనేమీ అనడం లేదు. నువ్వే ఆలోచించుకో. చెక్క లోపల గూడు కట్టుంటే పారేయాలని దామోదరం చెప్పిపోయినాడు" అంది.

ధర్మేంద్ర జాహ్నవి వైపు చూశాడు. జాహ్నవి ఒక్క క్షణం పరుపును చూసింది, మునిలక్ష్మి చేతిలోని తడి పుల్లను చూసింది.

"అవును బావా. పోయిన నెల మా ఇంట్లో కూడా ఉండినాయి. నా బ్యాగులోనే వచ్చుంటాయి. మంచం పారేసెయ్యి. నాయనకు నేను చెప్పుకుంటా" అంది నెమ్మదిగా.

మునిలక్ష్మి తొమ్మిదేళ్ళుగా కోరుకున్నది చేతికొచ్చింది. సంతోషం రావాలి. రాలేదు. ఈమె చూసింది. చూసి కూడా తన కోసం అబద్ధం ఆడుతోంది. ధర్మేంద్ర ముఖం చూస్తే మెత్తబడిపోయి ఉంది.

"ఎంత మంచి మనసు జానూ నీది. ఇంకొకరైతే ఒప్పుకునేవాళ్ళా" అన్నాడు.

ఆ మాటతో మునిలక్ష్మి భగ్గుమంది.

"ఆమె బ్యాగులో యాడివి నల్లులు? ఉండేదంతా పరుపులోనే. మా నాయన ఇచ్చిన పరుపులో. నా తమ్ముడు తెచ్చినాడు. ఈ రెండూ మంచంలో పెట్టింది నేను, ఈ పుల్లతో పెట్టినా. ఆమె సూసింది కూడా. సూసి, మంచిది అనిపించుకునే దానికి నోరు మూసుకునింది. మంచం ఆమెది, పిలుపు ఆమెది, ఇప్పుడు మంచితనం కూడా ఆమెకే పోవాల్నా? నేను పోనీను."

"పిలుపేంది?" అన్నాడు ధర్మేంద్ర, మిగతాదంతా అర్థమైనట్టు.

మునిలక్ష్మి చెప్పింది. స్నానాల గది, "ఎప్పుడొచ్చినావు జానూ", మాడిన అన్నం, అన్నీ చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. ధర్మేంద్రకు అసలు ఏదీ గుర్తే లేదు. బుర్ర గోక్కున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"అయితే మంచం ఉండనీ, పరుపు పారేద్దామా?"

మునిలక్ష్మి చూసిన చూపుకు జాహ్నవే అడ్డం వచ్చింది. "పరుపు ఊసెత్తొద్దు బావా. రెండూ ఉండాల. వేడి చేసేది దేనికి మరి?"

ఆ మాట కూడా ఆమే అనాల్సి వచ్చింది. మునిలక్ష్మి ముక్కు తుడుచుకుని, మిగిలిన చీరలు తనే తగిలించడానికి పోయింది.

ఆదివారం దామోదరం మనుషులు వచ్చి కిటికీ సందులకు టేపు అంటించి, పెద్ద హీటర్లూ ఫ్యాన్లూ లోపల పెట్టి తలుపు వేశారు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళూ పక్కపక్కనే కూర్చున్నారు, వేరే చోటు లేక. ఇల్లు వేడెక్కుతుంటే చాలాసేపు చూశారు.

"అక్కా, నీకు మంచమంటే కోపమా, నేనంటే కోపమా?" అని అడిగింది జాహ్నవి.

మునిలక్ష్మి ఆలోచించింది. "ఇద్దరన్నా కోపమే" అంది.

జాహ్నవి నవ్వింది. నవ్వితే చెంపకు సొట్ట పడుతుంది. మునిలక్ష్మి ముఖం తిప్పుకుంది.

సాయంత్రానికి అంతా అయిపోయింది. మిషన్లు పోయాక కూడా గోడలు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. పరుపు అంచున చచ్చిన నల్లులు చెయ్యి తగిలితే రాలిపోతున్నాయి. ధర్మేంద్ర చొక్కా విప్పేసి లోపల మంచం బిగిస్తున్నాడు. పుత్తూరు బస్సుకు వేళవుతోందని జాహ్నవి వరండాలో నిలబడి జడ వేసుకుంటోంది. మునిలక్ష్మి అక్కడే పనిముట్ల డబ్బా వెతికి, స్పానర్ పట్టుకుంది. లోపలికి పిలవబోయి, "ఏమ" దాకా వచ్చి ఆగిపోయింది. నిన్న అంతా చెప్పేసింది. ఇక పోయే పరువేం మిగిలింది అనుకుంది.

"బావా" అని పిలిచింది. పెద్దగా కాదు.

"ఆ, వస్తాండా మునీ. స్పానర్ దొరికిందా?" అన్నాడు లోపల నుంచి, పని ఆపకుండానే, ఆమె ఎప్పుడూ పిలిచే పిలుపే అయినట్టు.

జాహ్నవి చేతులు జడ మీద ఆగిపోయాయి. వెంటనే మళ్ళీ కదిలాయి. కానీ ఆ ఒక్క క్షణంలో ఆమె ముఖంలోకి వచ్చి పోయినదాన్ని మునిలక్ష్మి చూసింది. చూసి గుర్తుపట్టింది. తొమ్మిదేళ్ళుగా తను రోజూ అద్దంలో చూసుకుంటున్నదే అది.

స్పానర్ తీసుకుని లోపలికి పోతూ, గడప దగ్గర మళ్ళీ పిలిచింది. ఈసారి వీధంతా వినపడేటట్టు.