మోగే బొక్కలు

పొద్దున్నే చాయ్ పొయ్యి మీదికి ఎక్కకముందే శరణమ్మ ఇత్తడి గరిటె పట్టుకుని కూతురు భాగీరథి మంచం దగ్గరికి వచ్చేది. కుండ కొనేటప్పుడు కొట్టి చూసినట్టు, గరిటె కాడతో మోకాలి కింద ఒక్కసారి తట్టేది. బొక్క, అంటే ఎముక, పలికేది.

జహీరాబాదులో అందరి బొక్కలూ మోగుతాయి. అందులో వింతేమీ లేదు. శరణమ్మ మొగుడు విరూపాక్ష ఇంటి ఆడవాళ్ల బొక్కలు మాత్రం పిల్లలప్పుడు కంచుగిన్నెలా మోగి, ముప్పై దాటేసరికి చెక్కలా అయిపోయేవి. భాగీరథి నాయినమ్మ శివమ్మ డాబా మెట్ల మీద మూడో మెట్టు దగ్గర జారి తుంటి విరగ్గొట్టుకుని, రెండేళ్లు మంచంలో ఉండి కన్నుమూసింది.

వాడితే బొక్కలు అరుగుతాయని ఆ ఇంటి నమ్మకం. అందుకే ఈడేరిన పిల్లను, ఇంటికొచ్చిన కోడలిని నడవనిచ్చేవాళ్లు కాదు. పందొమ్మిదేళ్ల భాగీరథి ఫర్లాంగు దూరం లేని కాలేజీకి కూడా రిక్షాలోనే పోయేది. అయినా పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది ఉగాదినాడు ఆమె కాలు ఎండు జొన్నదంటులా బోలుగా పలికింది. శరణమ్మ గరిటె కింద పెట్టి అక్కడే కూలబడింది.

అప్పుడే పాలు పోసే యాదమ్మ వచ్చింది. అరవై ఏళ్ల మనిషి. కోహీర్ తొవ్వలోని పల్లె నుంచి రోజూ నెత్తిన బిందెతో నడిచి వస్తుంది. గడప దాటుతుంటే ఆమె కాళ్లు ఖంగుమన్నాయి. భాగీరథి ఆ చప్పుడు విని, లేచి, తండ్రి ముందు నిలబడింది.

"నాయినా, వాడితే అరిగేటట్టుంటే యాదమ్మ బొక్కలు ఎప్పుడో పిండైపోవాలె. కూసున్న మనయే పలుకుతలేవు. గిదెట్ల, చెప్పు. నేను గూడ ఇగ నడుస్త, ఉరుకుత."

పప్పుల దుకాణం నడిపే విరూపాక్ష గొంతు పెంచాడు. చివరికి గడువు పెట్టాడు. "దసరా దాక ఉరుకు. ఆ పొద్దు గరిటెతోని నేనే జూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే మళ్ల రిక్షానే. నోరెత్తొద్దు."

మర్నాటి నుంచి భాగీరథి తెల్లవారుజామున రైలు గేటు దాకా ఉరికింది. సాయంత్రం డాబా మీద చేంతాడు తిప్పుకుంటూ దుముకింది. మొదట్లో పిక్కలు సలిపి నిద్ర పట్టలేదు. పక్కింటి మణెమ్మ వాకిట్లో నిలబడి అడిగింది, "పర్లి రైలుబండి తప్పిపోయిందా బిడ్డా, రోజూ ఉరుకుతున్నవ్?"

"లే అత్తా, అదే నా ఎనుక వస్తుంది."

మూడు నెలలైనా గరిటె కింద జొన్నదంటు చప్పుడే. భాగీరథి ఏడ్చింది. యాదమ్మ నవ్వి, "జర ఓపిక పట్టు బిడ్డా. బొక్క ఏమన్న బెల్లం పాకమా, సూస్తుండంగనే గడ్డకట్టనీకి?" అంది. ఆ తర్వాత శరణమ్మ గరిటె ముట్టడం మానేసింది. వినాలంటే భయం.

దసరా పొద్దున విరూపాక్ష గరిటె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. పండగకని కడిగిన మెట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. పైనుంచి దిగుతున్న భాగీరథి ఆ మూడో మెట్టు మీదే జారి, కిందిదాకా వచ్చి పడింది. శరణమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. అత్త శివమ్మ తుంటి విరిగిన చప్పుడు ఆమె ఇంకా మరిచిపోలేదు.

మూసిన చేతులను దాటుకుని వచ్చింది మోత. పెద్ద కంచు పళ్లెం బండ మీద పడ్డట్టు. గల్లీలో పోతున్న ఇద్దరు హారతి అనుకుని చెప్పులు విడిచారు.

భాగీరథి లేచి కూర్చుంది. మోకాలు గీరుకుపోయింది, అంతే. "నాయినా, ఇంక గరిటె గావాల్నా?"

విరూపాక్ష గరిటెను వంటింట్లో పెట్టి వచ్చి, రిక్షా అతన్ని రేపటి నుంచి రావద్దన్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా భాగీరథి తలుపు తీసేసరికి తల్లి వాకిట్లో ఉంది. నలభై నాలుగేళ్ల శరణమ్మకు సొంత చెప్పులు లేవు, అవసరం పడలేదు. మొగుడి చెప్పులేసుకుంది.

"జర మెల్లగ నడువే. గల్లీ దాటినంక ఏముంటదో ఎన్నడూ కాలినడకన జూడలే."

మలుపు దాకా పోయాక ఆగి, కాలు నేలకేసి తట్టింది. "ఏమన్న పలుకుతుందా?"

భాగీరథి చెవిపెట్టి విన్నది. ఉత్త చెక్క.

"వచ్చే దసరాకు జెప్త. నడువ్."