చెల్లెలి చేతిలోని మైకు

తప్పు మైకుదే. అందులో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు. గొంతు ఆపరేషన్ అయి ఏడు నెలలయింది. ఇక పాడుకోవచ్చని డాక్టరు చెప్పి, నేను మళ్ళీ స్టేజి ఎక్కి నాలుగు నెలలయింది. పైస్థాయి స్పీకర్లలో ఖంగుమని మోగుతోంది. కింది స్వరాలే డ్రమ్ముల చప్పుడులో కలిసిపోతున్నాయి. పైవి పలికి కిందివి పలకకపోతే అది గొంతు లోపమా, మైకు లోపమా?

ఈ మాటే మా ఆర్కెస్ట్రా మాస్టారిని అడిగాను. "సాయంత్రం రిహార్సల్లో వింటానమ్మా. వినపడితే ఏడు పెద్ద పాటలూ నీవే. లేదంటే రేపటి ప్రోగ్రాం నుంచి మీ చెల్లి పాడుతుంది" అన్నాడాయన. ఇరవై రెండేళ్ళుగా ముందు నిలబడి పాడుతున్నదాన్ని. ఒళ్ళు మండిపోయింది.

పాత మైకును మంచం మీదికి గిరాటేసి, చెల్లిని వెంటేసుకుని మైకుల దుకాణానికి వెళ్ళాను. అది నా వెనకాల కోరస్ పాడుతుంది. ఇంకో చెవి తోడుంటే మంచిది కదా అనుకున్నాను.

దుకాణాయన మొదటి మైకు తీసి, "పెదాలకు ఆనించి పాడండి మేడమ్. దూరం జరిగితే పలకదు" అన్నాడు.

"నేను పాడడానికి వచ్చానండీ, ముద్దులు పెట్టడానికి కాదు" అన్నాను. రెండోది చేతికి బరువు. మూడోది మాత్రం నేను ఊపిరి పీల్చినా పట్టుకుంది. గొణిగితే గొణుగుడు, మూలిగితే మూలుగు. నా గొంతు అంత దగ్గరగా విని ఎన్నాళ్ళయిందో!

"ఎలా ఉందే?"

"బాగుందక్కా."

"మొదటిది కూడా బాగుందన్నావు."

"అదీ బాగుందక్కా."

"నీకు చెవులున్నది వినడానికా, జూకాలు తగిలించుకోవడానికా?"

చెల్లి నవ్వలేదు. ఇందాకటి నుంచి చున్నీ అంచు మెలిపెడుతూనే ఉంది.

దుకాణాయన అడ్డొచ్చాడు. "అది నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగుంటుంది మేడమ్. పక్కన డ్రమ్ములుంటే వాటినీ వింటుంది. స్టేజికి మొదటిదే నయం."

"నా గొంతుకు ఏది పనికొస్తుందో నాకు తెలియదా?" అన్నాను.

"సరే, మీ ఇష్టం. నచ్చకపోతే రేపు తెచ్చేయండి" అని ప్యాక్ చేశాడు.

సాయంత్రం హాల్లో అందరూ వచ్చేశారు. నాకు కాలు ఒకచోట నిలవలేదు. మూడుసార్లు మంచినీళ్ళు తాగాను. పాట మొదలయింది. రెండో లైనుకే నా కొత్త మైకు డ్రమ్ములన్నిటినీ మింగి స్పీకర్లలోంచి కక్కింది. ఆ వెంటనే కీచుమని ఒకటే కూత. కీబోర్డు అతను చెవులు మూసుకున్నాడు.

"ఆపండి!" అని అరిచాడు మాస్టారు. "ఇక చాలమ్మా. మీ చెల్లిని రమ్మను."

చెల్లి వచ్చింది. కానీ పాడడానికి కాదు. తన మైకు నా చేతిలో పెట్టి, "పెదాలకు ఆనించి పాడక్కా" అంది.

ఆనించి పాడాను. పల్లవిలో ప్రతి మాటా వినపడింది. మాస్టారు తల ఊపుతున్నాడు. గెలిచాననుకున్నాను. చరణంలో పైస్థాయి వచ్చింది. నోరు తెరిచాను. గాలి వచ్చింది, స్వరం రాలేదు. స్పీకర్లలో నిశ్శబ్దం. నాలుగు నెలలుగా ఖంగుమని మోగిన చోట ఏమీ లేదు.

వెనక్కి తిరిగి చూశాను. చెల్లి ఖాళీ చేతులతో, మెడ నరాలు ఉబ్బేలా ఆ స్వరం పాడుతోంది. మైకు లేదు కాబట్టి నా ఒక్కదానికే వినపడింది. అచ్చం నా గొంతే.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నాను. మైకు నా నోటి దగ్గరే ఉంది. హాలంతా ఆ మాటే మోగింది.

"నువ్వు మళ్ళీ స్టేజి ఎక్కిన రోజు నుంచి" అంది మెల్లగా. "ఆ రోజు నీ గొంతు విరిగింది. నేను అందుకున్నాను. ఆ తర్వాత ఆపలేకపోయానక్కా."

"పైస్థాయి ఖంగుమంటోందని ఊరంతా డప్పు కొట్టుకున్నాను కదే! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే పాట మానేస్తావని భయమేసింది."

మానేసేదాన్నే. అది నిజం. చెంప పగలగొట్టాలనిపించింది, సిగ్గుతో చచ్చిపోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. మాస్టారి వైపు తిరిగి, "శ్రుతి రెండు మెట్లు దించండి. మైకు నా దగ్గరే ఉంటుంది. చెల్లికి ఇంకో మైకు ఇవ్వకండి" అన్నాను.

మళ్ళీ పాడాను. గరుగ్గా ఉంది, వెనకటి గొంతు కాదు. అయినా చివరిదాకా పాడాను.

మాస్టారు జేబులోంచి పాటల కాగితం తీసి ఒకసారి చూశాడు. తర్వాత, "ఈ పాట నీదమ్మా, ఇదే శ్రుతిలో. మిగతా ఆరూ మీ చెల్లి పాడుతుంది" అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. సరేనన్నాను.

చెల్లి గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. వెళ్ళి దాని మైకు దాని చేతిలో పెట్టాను.

"నోర్ముయ్యవే. ఇలా ఏడిస్తే గొంతు బొంగురుపోతుంది. రేపు ఆరు పాటలు పాడాలి నువ్వు."