పదకొండు ములుకులు

ఆ ఉదయం దొరికిన ములుకును ఎల్సి చేతిరుమాలు మడతలో పెట్టి, కోటు లోపలి జేబులో వేసుకున్నది. ఇంటి దగ్గర సాసరులో ఉన్నవాటితో, కవరులో విడిగా దాచినదానితో కలిపితే ఇది పదకొండవది. కందిగింజంత వస్తువు. అడుగున చదునైన చిన్న బిళ్ళ, నడుమ నిటారుగా ఉక్కు మొన. ఎలా పడవేసినా బిళ్ళ కిందికి, మొన పైకి వచ్చి నిలబడుతుంది. చేసినవాడు ఆలోచించి చేశాడని ఆమె నిశ్చయించుకున్నది.

ఉత్తరాన చలిదేశంలోని ఔలు నగరంలో అది ఏప్రిల్ రెండవ వారం. నదిలో మంచు ఇంకా పలకలుగా తేలుతున్నా, ఒడ్డున తారుబాట నెల కిందటే మంచులోంచి తేలి ఎండింది. నీటివైపు సగం నడిచేవారిది, ఇళ్ళవైపు సగం చక్రాలవారిది. పరుగెత్తేవారు ఎటువైపు ఎవరికీ అడ్డురాకపోతే అటు. ఈ ఏర్పాటు కాగితం మీద ఎక్కడ ఉన్నదో ఎవరికీ తెలియదు గాని, అందరూ పాటిస్తారు. అందుకే ఎల్సికి ఆ బాట అంటే ఇష్టం. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఉదయం ఏడింటికి, చేతులు వెనుకకు కట్టుకొని ఆమె అక్కడ నడుస్తుంటే, వెనుకనుంచి సైకిలు గంట ఒకసారి మోగి ఊరుకుంటుంది. ఆమె ఒక్క అడుగు జరుగుతుంది. దాటిపోయేవారు తల ఊపుతారు. లోకంలో మనుషులు ఒకరినొకరు ఇంత మర్యాదగా దాటిపోయే చోటు మరొకటి లేదని ఆమె అభిప్రాయం.

రైలు వంతెన కింది సొరంగానికి ముందు బాట మలుపు తిరుగుతుంది. మలుపులో ఒక బెంచీ ఉన్నది. ఆమె రోజూ అక్కడ ఆగి, బెంచీ పక్కనున్న రాతిగట్టుకు బూట్లు గట్టిగా తాటించి, అడుగున ఇరుక్కున్న కంకర నూకను దులుపుకొని, తరువాత కూర్చుంటుంది. చలికాలంలో జారకుండా నగరం వారు చల్లిన కంకర అది. నెలాఖరులోగా ఊడ్చివేస్తారు. సొరంగం నీడలో మాత్రం పలచని మంచు పొర ఇంకా ఉండవచ్చునని ఆమె అనుమానం. అందుచేత ములుకుల బూట్లు ఇంకా మార్చలేదు.

మూడు వారాల కిందట ఆ మలుపులోనే హెన్నా పడిపోయింది. ఆమె ఎల్సి ఉండే అపార్టుమెంటులోనే మూడవ మెట్లవైపు కాపురముంటున్న నర్సు, రాత్రి డ్యూటీ ముగించుకొని సైకిలు మీద ఇంటికి వస్తున్నది. ముందు టైరు ఒక్కసారిగా గాలి వదిలింది. ఆమె గట్టు మీదికి ఎగిరిపడి కాలరు ఎముక విరగగొట్టుకున్నది. బెంచీ మీదున్న ఎల్సి అందరికన్న ముందు పరుగెత్తి, తన కోటు మడిచి ఆమె తల కింద పెట్టింది. అంతకు ముందు వారమే అక్కడ ఇద్దరి టైర్లు పంచరయ్యాయి. హెన్నా టైరులోంచి ములుకును పీకి తీసినవాడు అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడు రైమో. దానిని ఎల్సి చేతిలో పెట్టి, సాక్ష్యం భద్రపరచడం ఆమెకే తెలుసునన్నాడు. అప్పటినుంచి ఆ మలుపులో దొరికినవన్నీ ఆమె ఏరి దాస్తున్నది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆమె జిల్లా న్యాయస్థానంలో వాంగ్మూలాలు రాసిన గుమాస్తా.

అనుమానం ఒక్కరి మీదికే పోయింది. ఆ భవనం కింది అంతస్తులో బూట్లు బాగుచేసే దుకాణం తైస్తోది. అరవై తొమ్మిదేళ్ళు, భార్య లేదు, హల్లా అనే తెల్లని కుక్క ఉన్నది. శరదృతువులో ఒక సైకిలు హల్లా ముందుకాలి మీదుగా పోయింది, పోయినవాడు ఆగలేదు. ఆ సాయంత్రం సౌనా అనే ఉమ్మడి ఆవిరిస్నానపు గదిలో, పదిమంది వింటుండగా, ఈ సైకిళ్ళవాళ్ళ టైర్లు పగిలిన రోజున గాని వీళ్ళకు కాళ్ళంటే ఏమిటో తెలియదని తైస్తో అన్నాడు. ఆ మాటను రైమో తేదీతో సహా జ్ఞాపకం పెట్టుకున్నాడు. పైగా దుకాణంలో డబ్బాల నిండా మేకులు. వీటన్నిటినీ మించినది ఎల్సి కళ్ళారా చూసింది. వారంలో మూడు రోజులైనా తైస్తో ఆ మలుపులో, అటూ ఇటూ చూసి, నేలకు వంగి ఏదో చేసి లేస్తున్నాడు.

గురువారం సంఘం వార్షిక సమావేశం. తైస్తో దుకాణం అద్దె ఒప్పందాన్ని పొడిగించకూడదని అందులో ప్రతిపాదన. అది గెలిస్తే ఇరవై ఆరేళ్ళ దుకాణం ఎత్తివేసుకోవాలి, ఆ వయసులో మరొక చోట ఎవరూ ఇవ్వరు. ప్రతిపాదన పత్రాన్ని రైమో ఎల్సి చేతనే రాయించాడు. ఆమె సంతకం ఉంటే ఎవరూ నోరెత్తరు.

బుధవారం ఉదయం ఎల్సి ఆ పత్రం ముందు కలం పట్టుకొని కూర్చున్నది. ఫిర్యాదు ఉన్నది, సాక్షులున్నారు, వస్తువు ఉన్నది. ముద్దాయి వాంగ్మూలం మాత్రం లేదు. ఆ ఒక్క కాగితం లేని దస్త్రాన్ని ఆమె తన ఉద్యోగంలో ఏనాడూ న్యాయమూర్తి బల్ల మీద పెట్టలేదు. అతడు అబద్ధమే చెబుతాడు, సందేహం లేదు. అయినా చెప్పనివ్వాలి. ఆమె సాసరును, కవరును సంచిలో పెట్టుకొని కిందికి దిగింది.

దుకాణంలో జిగురు వాసన. హల్లా బల్ల కింద పడుకొని తోక ఒకసారి ఆడించింది. తైస్తో తలెత్తకుండానే పలకరించాడు.

“ఏంటి కోర్టమ్మా, పొద్దున్నే సమన్లు పట్టుకొచ్చావా?”

ఎల్సి జేబులోని ములుకును కూడ సాసరులో వేసి అతని ముందు పెట్టి, వీటిని గుర్తుపడతావా అని అడిగింది. తైస్తో కళ్ళద్దాలు సవరించుకొని, తోలు కుట్టే ఆరె కొసతో ఒక్కొక్కదాన్ని వేరుచేశాడు. ఆరు ఒక పక్కకు వచ్చాయి, నాలుగు ఇంకొక పక్కకు. కవరులో ఏమున్నదని అడిగితే, హెన్నా టైరులోంచి తీసినదని ఆమె అన్నది. అతడు దానిని కిటికీ వెలుతురులో తిప్పి చూసి ఆరింటిలో కలిపాడు.

“ఈ ఏడూ నావే,” అన్నాడు.

 ఒప్పుకోలు ఇంత తేలికగా వస్తుందని ఎల్సి అనుకోలేదు.

“ఒప్పుకుంటున్నావన్నమాట.”

“నా చేతిపని నేను ఒప్పుకోకపోతే ఎవరు ఒప్పుకుంటారు? తోలు తెగకుండా బిళ్ళ అంచు ఆకురాయితో అరగదీస్తాను. ఈ ఊళ్ళో ఇంకెవడికీ అంత ఓపిక లేదు. ఆ నాలుగూ బజారు సరుకు, నావి కావు.” అతడు ఆరె కింద పెట్టాడు. “నీ బూట్లు విప్పు.”

“దేనికి?”

“విప్పమన్నాను. ఇంతకాలం అందరి వాంగ్మూలాలూ నువ్వు రాశావు. ఇవాళ నీది నేను వింటాను.”

దారి మళ్ళిస్తున్నాడని ఆమె అనుకున్నది. ముద్దాయిలు మాట మార్చడం ఆమెకు కొత్త కాదు. అయినా విప్పింది, విప్పకపోతే భయపడ్డట్లుంటుందని. తైస్తో బూట్లను బల్ల మీద బోర్లించి, మంచు మీద జారకుండా ఒక్కో బూటుకు తాను పద్దెనిమిది ములుకులు పెట్టానని, అది తొమ్మిదేళ్ళ కిందటి మాటని, ప్రతి శరదృతువులోను తెచ్చి చూపించుకొమ్మని చెప్పానని అన్నాడు. ఆమె ఒక్కసారి కూడ తేలేదు. ఎడమ మడమలో నాలుగు ఖాళీ గుంటలు. కుడి మడమలో మూడు. హెన్నా టైరులోని ములుకును అతడు ఒక గుంటలో పెట్టి బొటనవేలితో నొక్కాడు. అది చిన్న చప్పుడుతో కూర్చున్నది.

ఎల్సి గుంటలను తాను మరొకసారి లెక్కపెట్టింది. ఏడే వచ్చాయి.

“మార్చినుంచి తారు మీద మంచులేదు,” అన్నాడు తైస్తో. “నువ్వు ఇంకా వీటితోనే టకటకలాడుతున్నావు. ఆ గట్టుకేసి రోజూ దబదబా బాదుతావు. అవి మాత్రం ఎన్నాళ్ళని పట్టుకొని ఉంటాయి?”

“తెలిసినవాడివి చెప్పలేదేం?”

“ఏం తెలుసు నాకు? మేకులన్నారు, మేకులనుకున్నాను. నా గురించి మెట్ల మీద ఇంత మాట్లాడుకున్నారు కదా, ఒక్కళ్ళన్నా ఒక్కటి తెచ్చి ఈ బల్ల మీద పెట్టారా?”

 ముప్ఫై ఏళ్ళ అలవాటు అంత సులభంగా చావదు. ఆ మలుపులో రోజూ వంగి ఏం చేస్తావు మరి అని అడిగింది. తైస్తో హల్లా ముందుకాలు ఎత్తి పట్టుకున్నాడు. వేళ్ళ నడుమ మానిన గాయం, అది మానినచోట చర్మంలో చిన్న చీలిక. అందులో ఒక కంకర పలుకు అప్పటికీ ఇరుక్కొని ఉన్నది. అతడు దానిని గోటితో తీసి, కుక్క చెవి వెనుక గోకాడు. దాన్ని తీస్తున్నప్పుడు ఏ సైకిలైనా వస్తుందేమోనని అటూ ఇటూ చూస్తాడని ఎల్సికి అప్పుడు తోచింది.

అతడు పాత ఉన్ని చెప్పులు ఇచ్చాడు. ఆమె వాటితోనే బాట మీదికి పోయి మలుపుదాకా నడిచింది. అడుగుల చప్పుడు లేదు. తొమ్మిది చలికాలాలుగా ఆ టకటక తనదేనని ఆమె ఒక్కనాడైనా గమనించలేదు. సొరంగంలోకి పోయి చూసింది. మంచు పొర లేదు, నేల పొడిగా ఉన్నది. వెనుకనుంచి గంట మోగితే ఆమె ఎప్పటివలె జరిగి నిలబడింది గాని, దాటిపోయిన మనిషి తల ఊపినప్పుడు తిరిగి ఊపలేకపోయింది. చక్రాలు మలుపు దాటేదాకా టైర్లనే చూసింది.

మధ్యాహ్నం రైమోకు సంగతి చెప్పింది. అతడు లేచి తలుపు మూశాడు.

“ఆ అంశం తీసేద్దాం, ఎల్సి. పత్రం చింపేస్తాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఈ వయసులో నీకెందుకిదంతా?”

అంశం తీసివేస్తే తైస్తో దుకాణం నిలుస్తుంది, అది నిజమే. కాని అతడు నిర్దోషి అనిపించుకోడు, నేరం రుజువు కానివాడు అవుతాడు. అలాంటివారిని ఎల్సి చాలామందిని చూసింది. న్యాయస్థానం మెట్లు దిగి ఇంటికి పోయేవారు, ఏడాది తిరగకుండా ఊరు మారేవారు. హెన్నా రోజూ అతని దుకాణం ముందునుంచే నడవాలి, నడిచినప్పుడల్లా తల పక్కకు తిప్పుకోవాలి. ఎల్సి రైమోకు వద్దని చెప్పింది. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

గురువారం సాయంత్రం, వెలుతురు ఇంకా తగ్గలేదు, సౌనా పక్క హాలులో ఇరవై ఇద్దరు కూర్చున్నారు. అలవాటు ప్రకారం బూట్లు తలుపు దగ్గర వరుసగా విడిచి, అందరూ మేజోళ్ళతో ఉన్నారు. కాఫీ, ఏలకుల రొట్టె పంచారు. తైస్తో చివరి కుర్చీలో, కాళ్ళ దగ్గర హల్లాతో ఉన్నాడు, అతని పక్క రెండు కుర్చీలు ఖాళీ. హెన్నా ముందు వరుసలో, చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో. అంశం రాగానే ఎల్సి లేచి, బల్ల మీద పాత పత్రిక పరచి, సంచిలో విడిగా తెచ్చిన తన ములుకుల బూట్లను అడుగుభాగం పైకి వచ్చేటట్టు పెట్టింది. రాసుకొని తెచ్చినదాన్ని తొణకకుండా చదివింది. దొరికినవి పదకొండు. వాటిలో ఏడు తన బూట్లవి, హెన్నా టైరులోనిది వాటిలో ఒకటి. పోలీసులకు ఇవ్వవలసిన కాగితం మీద ఉదయమే సంతకం చేసింది. ముద్దాయిని అడగకుండా అభియోగపత్రం రాసినందుకు తైస్తో ఎదుట తన తప్పు నమోదు చేస్తున్నది.

 హెన్నా ఎల్సివైపు తిరిగింది.

“ఆ రోజు ముందు పరిగెత్తుకొచ్చింది మీరే కదా?”

“నేనే.”

“మీ కోటే నా తల కింద పెట్టారు.”

“అవును.”

“మిమ్మల్ని ఏమనాలో నాకు తెలీట్లేదు,” అన్నది హెన్నా.  ఎల్సి క్షమించమని అడగలేదు. అడిగితే అది హెన్నా మీద మరొక బరువు అవుతుందని ఆమెకు తెలుసు.

ప్రతిపాదన వీగిపోయింది. రైమో తొందరగా తరువాతి అంశానికి పోబోయాడు. అప్పుడు వెనుకనుంచి ఎవరో, మరి మిగిలిన నాలుగో అని అడిగారు. తైస్తో కాఫీ తాగుతూనే, అవి బజారులో కొన్న ములుకుల బూట్లవని, తనకు సంబంధం లేదని చెప్పాడు. ఎల్సి సాసరును బల్ల నడిమికి జరిపింది.

“వీటి సంగతి నాకు తెలీదు. ఎవరి బూట్లు వాళ్ళు తిప్పి చూసుకోవాలి.”

హాలులో తలలన్నీ ఒకేసారి తలుపు వైపు తిరిగాయి. ఇరవై రెండు జతల బూట్లు గోడవారగా ముక్కులు లోపలికి పెట్టుకొని ఉన్నాయి. అడుగులు మాత్రం కనిపించడంలేదు. సమావేశం ముగిసినట్లు రైమో ప్రకటించినా ఎవరూ లేవలేదు. ఒకామె రెండవ కప్పు కాఫీ పోసుకున్నది. తైస్తో లేచి, తన బూట్లను తిప్పి నున్నని అడుగులు అందరికి చూపించి, తొడుక్కొని, హల్లాను పిలుచుకొని పోయాడు. తరువాత హెన్నా ఒంటిచేత్తో తన బూట్లు తిప్పింది. ఒక్కొక్కరే లేచారు, ఒక్కొక్కరే తిప్పారు, తిప్పనివారిని పక్కవారు చూశారు.

రైమో చిట్టచివర లేచాడు. గోధుమరంగు బూట్లు రెండింటినీ అడుగులు గుండెకు ఆనించి పట్టుకొని, ఎవరితోను మాట్లాడకుండా, మేజోళ్ళతోనే చల్లని మెట్లెక్కి పోయాడు.

సమావేశం వివరాలు రాస్తున్న ఎల్సి అది చూసింది. కలం ఒకసారి కాగితం దాకా వచ్చింది. ఆమె దానిని మళ్ళీ పక్కన పెట్టింది. రైమోను ఇంకా ఎవరూ ఏమీ అడగలేదు. ఉదయం ఏడింటికి, రోజూలాగే అతడు బాట మీద కలిసినప్పుడు, తానే అడుగుతుంది.