రోజూ ఖాళీ అయ్యే గది

గొడుగుల తాతకి గది దొరికి పందొమ్మిది రోజులైంది. ఆ పందొమ్మిది రోజులూ పొద్దున ఆరున్నరకల్లా ఆయన ఆ గది ఖాళీ చేసేశాడు.

ఇదేం విడ్డూరం అంటారా? చెప్తాను. ఆయన్ని తిట్టేముందు కాస్త వినండి.

పన్నెండేళ్ళు తాత రోడ్డు మీదే బతికాడు. మూతపడ్డ మందుల షాపు ముందు, రేకు కింద, పగలంతా గొడుగులు బాగుచేసేవాడు, చీకటి పడితే అక్కడే ముడుచుకునేవాడు. వానలు మరీ ముదిరితే ఊరి చివర షెల్టరుకి పోయేవాడు. ఆ షెల్టరు పద్ధతే వేరు. సాయంత్రం వరసలో నిలబడాలి, ముందొచ్చినవాళ్ళకే మంచం. పొద్దున ఆరింటికి గంట. గంట మోగిన అరగంటలో దుప్పటి మడతపెట్టి, మంచం కింద ఊడ్చి, టోకెను బల్ల మీద పెట్టి, ఉన్నదంతా మూటగట్టుకుని బయటపడాలి. ఏదైనా మర్చిపోయారా, ఇక అంతే సంగతులు. ఒకసారి తాత తన పనిముట్ల సంచీ మంచం కింద మర్చిపోయాడు. సాయంత్రం వచ్చేసరికి అది చెత్తలారీ ఎక్కి వెళ్ళిపోయింది. పట్టకారు, తీగచుట్ట, లావు సూదులు, వాళ్ళ నాన్న వాడిన చిన్న సుత్తి, అన్నీ పోయాయి. ఆ రోజు నడిరోడ్డు మీద చతికిలబడి భోరుమని ఏడ్చాడు. మళ్ళీ ఒక్కొక్కటీ కూర్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. సుత్తి మాత్రం ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడున్న ఈ భవనం అలాంటిది కాదు. ఏళ్ళ తరబడి రోడ్డు మీద ఉన్నవాళ్ళ కోసమే కట్టింది. తలా ఒక గది, తలా ఒక తాళం. కింద అందరూ వండుకునే వంటగది ఉంది. వారానికి రెండుసార్లు నర్సు వచ్చి బీపీ చూస్తుంది, కార్డులూ కాగితాలూ చూసిపెట్టడానికి ఒక మనిషి ఉన్నాడు. వీళ్ళందరి మీదా మేనేజరమ్మ. ఆవిడ గొంతు లేచిందంటే మూడో అంతస్తులో కిటికీ తలుపులు అదురుతాయి. తాతని ఇక్కడికి రప్పించడానికి ఆవిడ రెండేళ్ళు ఆ రేకు చుట్టూ తిరిగింది. ఊరికే వస్తే మాట్లాడడని, శుభ్రంగా ఉన్న తన గొడుగు ఊచల్ని తనే విరగ్గొట్టుకుని బాగుచేయించుకోవడానికి వచ్చేది. తాతకి ఆ సంగతి రెండో గొడుగుకే తెలిసిపోయింది. తెలియనట్టే ఊరుకున్నాడు.

తాళం చేతిలో పెట్టిన రోజు ఆవిడ అరగంటసేపు వివరంగా చెప్పింది. తాతకి తలకెక్కింది ఒక్కటే ముక్క. "ఇక ఇది నీ గది తాతా" అంది. ఆ మాట ఆయనకి కొత్త కాదు. షెల్టరువాడు కూడా రోజూ సాయంత్రం "ఇదిగో, ఇది నీ మంచం" అనేవాడు. తెల్లారితే గంట కొట్టేవాడు.

కాబట్టి తాత, ఎవరూ గంట కొట్టకపోయినా, ఆరింటికి లేచేవాడు. పరుపు చుట్టేవాడు, గది ఊడ్చి తుడిచేవాడు, కుళాయి దగ్గర నీటిచుక్క కూడా లేకుండా ఒత్తేవాడు. మూట భుజాన వేసుకుని, తాళంచెవి మేనేజరమ్మ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. మూట పనికి పట్టుకెళ్తున్నాడు, తాళంచెవి ఎక్కడ పోగొట్టుకుంటానోనని ఇస్తున్నాడు కాబోలు, ఎంత జాగ్రత్తగల మనిషో అనుకుని ఆవిడ దాన్ని మేకుకి తగిలించేది. సాయంత్రం తాత అందరికన్నా ముందొచ్చి, మేకు వైపు చూసి, తాళంచెవి కనబడగానే ఏనుగెక్కినంత సంబరపడేవాడు.

"నా అదృష్టం చూడరా. రోజూ అదే గది తగులుతోంది" అని పక్కగది రేడియోతో చెప్పుకునేవాడు కూడాను.

రేడియో ఒకప్పుడు బస్సు కండక్టరు. పొద్దున నోరు తెరిస్తే మళ్ళీ నిద్రలోనే మూస్తాడు, అందుకే ఆ పేరు. ఎదుటివాడి మాట చెవిన వేసుకునే తీరిక అతనికెక్కడిది? "నీది మంచి జాతకం బాబాయ్" అనేసి తన సోది మొదలుపెట్టేవాడు.

పందొమ్మిదో రోజు సాయంత్రం తాళంచెవి మేకుకి లేదు. అది మేనేజరమ్మ చేతిలో ఉంది.

"కూర్చో తాతా. ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నీకు గది నచ్చలేదా?"

"అదేం మాట తల్లీ! బంగారంలాంటి గది!"

"మరి ఉండవేం? తనిఖీ ఆఫీసరు రెండుసార్లొచ్చాడు. రెండుసార్లూ నీ గదిలో ఒక గుడ్డముక్క కూడా లేదు. ఇక్కడ ఎవరూ ఉండట్లేదని రాసుకుని పోయాడు. రేపు పదింటికి మళ్ళీ వస్తాడు. రేపు కూడా అలాగే ఉంటే గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. నలభైమంది ఎదురుచూస్తున్నారు. నేనేం చెయ్యను?" ఆవిడ పెద్ద గొంతు సన్నబడిపోయింది.

"ఉంటున్నానమ్మా. రోజూ ఇక్కడేగా పడుకుంటున్నాను."

"పగలు?"

"పగలెలా ఉంటాను? ఖాళీ చెయ్యాలిగా."

మేనేజరమ్మ నోరెళ్ళబెట్టింది. తర్వాత తల పట్టుకుంది. తర్వాత నవ్వింది, నవ్వుతూనే చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎవరు చెప్పారయ్యా ఖాళీ చెయ్యమని? రేపు కాదు, ఎల్లుండి కాదు, అసలెప్పుడూ ఖాళీ చెయ్యక్కర్లేదు! బయటికెళ్తే తాళం వేసుకుని వెళ్ళు."

"మూట?"

"గదిలోనే ఉంటుంది."

"ఉంటుందంటావా?"

"ఉంటుంది తాతా. పోతే నన్నడుగు."

అడగడానికేం, అడగొచ్చు. షెల్టరులో కూడా అడిగాడు. సుత్తి వచ్చిందా? తాత తాళంచెవి తీసుకుని, మూట ఇంకాస్త గట్టిగా పట్టుకుని మెట్లెక్కాడు. గది పోతుందన్న భయం ఒకటి, మూట విప్పితే ఏమవుతుందోనన్న భయం ఒకటి. ఆ రెండిటి మధ్యా ఆయనకి కంటిమీద కునుకు లేదు.

తెల్లారింది. ఇవాళ మాత్రం కదలకూడదని గట్టిగా అనుకున్నాడు. అనుకుంటూనే పరుపు చుట్టాడు. ఊడ్చాడు. తుడిచాడు. చేతులు మాట వింటేగా! ఏడింటికల్లా గది అద్దంలా ఉంది, తాత దాని మధ్యలో మూట మీద కూర్చుని ఉన్నాడు.

తొమ్మిదిన్నరకి మేనేజరమ్మా, వెనకాల రేడియో వచ్చారు. గది చూసి ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"తాతా! మనిషి ఉంటున్నట్టు కనబడాలి కదా!"

"నేనున్నానుగా. కనబడట్లేదా?"

"ఈయనతో కాదుగానీ, పట్టు అక్కా, ఐదు నిమిషాల్లో సంసారం పెట్టేద్దాం!" అని రేడియో పరిగెత్తాడు. పాత పేపర్ల కట్ట తెచ్చి మూలన పడేశాడు. ప్లాస్టిక్ పూలకుండీ తెచ్చాడు. ఒంటి చెప్పు తెచ్చి కిటికీలో పెట్టాడు. ఒంటి చెప్పు ఎందుకని అడక్కండి, అతనికే తెలియదు. మేనేజరమ్మ వంటగదిలోంచి మూడు కప్పులూ, ఆఫీసులోంచి తన కుర్చీ మీది దిండూ తెచ్చింది. రేడియో పరుపు పరిచి దాని మీద దొర్లి మరీ నలిపాడు. తాత మొదట మర్యాదకి ఊరుకున్నాడు. వాళ్ళ మంచితనం చూస్తే కడుపు నిండింది కూడా. కానీ రేడియో తడి టీ కప్పు తెచ్చి, అప్పుడే తుడిచిన కిటికీ పలక మీద ఠక్కున పెట్టేసరికి ఎక్కడో చిర్రెత్తుకొచ్చింది.

"ఆపండి! నా ఇంట్లో మీ చెత్తేంట్రా! ఆ చెప్పు తియ్యి! ఆ పూలు తియ్యి! ముసలాడు మెత్తగా ఉన్నాడు కదా అని నెత్తికెక్కుతున్నారా?"

రేడియో జీవితంలో మొదటిసారి మాట లేక నిలబడ్డాడు. మేనేజరమ్మ దిండు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నా ఇల్లు! ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తాతకి కూడా ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అప్పటికే గుమ్మంలో ఇంకో మనిషి అడుగు పెట్టబోతున్నాడు. చంకలో ఫైలు, చేతిలో ఒక పక్క ఒరిగిపోయిన గొడుగు, బూట్ల నిండా బురద.

"ఏయ్ బాబూ, ఆగక్కడ! ఇప్పుడే తుడిచాను. ఆ గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుని రా!"

మేనేజరమ్మ నాలిక్కరుచుకుంది. తనిఖీ ఆఫీసరు మాత్రం బుద్ధిగా వెనక్కెళ్ళి, రెండు బూట్లూ బరబరా తుడుచుకుని లోపలికొచ్చాడు. చుట్టూ చూశాడు.

"ఈ సామానంతా మీదేనా అండీ?"

"కాదు సార్, వీళ్ళది. నా మీద ప్రేమతో తెచ్చారు. పట్టుకెళ్ళమంటున్నాను" అన్నాడు తాత. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు.

"మరి మీదేది?"

తాత మూట చూపించాడు.

"మూటగట్టి ఉందే? ఎక్కడికైనా వెళ్ళిపోతున్నారా?"

మేనేజరమ్మ ఏదో అనబోయి ఆగింది. తాత నేల మీద కూర్చుని మూట ముడి పట్టుకున్నాడు. రాత్రంతా భయంతో బిగించి బిగించి ఉంచిన ముడి, గోళ్ళకి లొంగలేదు. పంటితో లాగాడు. పట్టకారు తీసి కిటికీ పలక మీద పెట్టాడు. తీగచుట్ట దాని పక్కన. సూదుల డబ్బా, నల్లదారం బంతి, నాలుగు పాత ఊచలు. రెండో చొక్కా తలుపు వెనక కొక్కేనికి తగిలించాడు. ఆఖరికి మూటగట్టిన దుప్పటి కూడా దులిపి పరుపు మీద పరిచాడు. ఇక మూట అన్నదే లేదు.

అప్పుడు ఆయన చూపు ఆఫీసరు గొడుగు మీద పడింది.

"రెండు ఊచలు పోయాయి. అలాగే వాడితే గుడ్డ కూడా చిరుగుతుంది. ఇక్కడ పెట్టి వెళ్ళండి, సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళండి."

"సాయంత్రం మీరెక్కడుంటారు?"

"ఎక్కడుంటానేంటి సార్, ఇక్కడే ఉంటాను."

ఆఫీసరు గొడుగు తాత చేతికిచ్చి, ఫైలు తెరిచి రాశాడు. రేడియో అతని భుజం మీంచి తొంగిచూసి గట్టిగా చదివేశాడు: "ఉంటున్నారు. బూట్లు తుడుచుకోకుండా లోపలికి రానివ్వడం లేదు." మేనేజరమ్మ నవ్విన నవ్వుకి మూడో అంతస్తు కిటికీలు నిజంగానే అదిరాయి.

మర్నాడు పొద్దున ఆరింటికి తాత లేచాడు. చేతులు అలవాటుగా దుప్పటి కొసలు అందుకున్నాయి. సగం మడత పెట్టి, మళ్ళీ విప్పి, నలిగినది నలిగినట్టే వదిలేశాడు. టీ తాగొద్దామని తలుపు తాళం వేసి కిందికి దిగాడు. భుజం మీద బరువు లేక నడక ఒక పక్కకి పోతోంది. మేనేజరమ్మ కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, అలవాటు కొద్దీ తాళంచెవి కోసం చెయ్యి చాపింది.

తాత జేబు తట్టుకున్నాడు. "ఇంటి తాళం అందరికీ ఇస్తారేంటమ్మా?" అని వెళ్ళిపోయాడు.

వీధి మలుపు దాకా వెళ్ళాడు. టీ కొట్టు కనబడుతోంది. నాలుగడుగులు వేసి, గబగబా వెనక్కొచ్చి, మెట్లెక్కి, తలుపు తీసి చూశాడు. పట్టకారు ఉంది. సూదులు ఉన్నాయి. మళ్ళీ వెళ్ళాడు, టీ చెప్పాడు, అది పొయ్యి మీదుండగానే మళ్ళీ వచ్చి చూశాడు. మేనేజరమ్మ చూడనట్టే ఊరుకుంది. మూడోసారి వెళ్ళి, టీ కూర్చుని నింపాదిగా తాగి, దారిలో ఇద్దరు ముగ్గురితో కబుర్లాడి ఎండెక్కాక తిరిగొచ్చాడు.

పరుపు మీద దుప్పటి ఆయన వదిలేసినట్టే నలిగి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, మడతపెట్టలేదు, బయట పడెయ్యలేదు. తాత గుమ్మంలో నిలబడి దాన్ని చాలాసేపు చూసుకున్నాడు. లోపల్నించి గడియ పెట్టాడు. తర్వాత, పన్నెండేళ్ళలో మొదటిసారి, పట్టపగలు కాళ్ళు బారజాపుకుని పడుకుని నిద్రపోయాడు.